ఏప్రిల్ గడ్డి

మా ఇంటి పక్కన, పశువులకు మంచి బలమిచ్చే లూసర్న్ గడ్డితో వేసిన వామిని ఏప్రిల్ రాకుండా ముట్టుకోకూడదని మా తాత పెట్టిన కట్టడి. చలి పోయిందనుకున్నాక విరుచుకుపడే మోంటానా మంచు తుపానులో ఒక ఏడాది ఏప్రిల్లో, మేత చాలక, ఆయన సగం మందను పోగొట్టుకున్నాడు. తాత పోయి ముప్ఫై ఏళ్లయినా, నాన్న ఆ కట్టడి దాటడు, ఎవర్నీ దాటనివ్వడు.

నాన్న పేరు ఆర్విల్. ఎనభై ఒకటి నిండాయి. మోకాళ్లు పోయినప్పటి నుంచి పికప్ ట్రక్కు కిటికీలోంచే మందను చూస్తాడు. జనవరిలో, ఊపిరి మీసాల మీదే గడ్డకట్టే చలిలో కూడా, అద్దం దించి అదే మాట.

"ఏనుగుల్లా ఉన్నాయి. నీకే అనవసరపు బెంగ, వెర్నా."

నాకు ఒళ్లు మండేది. ఆయనకు కనబడేది బొచ్చు. శీతాకాలపు బొచ్చు కింద ఎముకలగూడైనా బలిసినట్టే ఉంటుంది. మాంసానికి పెంచే ఆవును చేత్తో తడిమి చూడాలి. నేను చూశాను. పెద్దావులు బాగానే ఉన్నాయి. తొలిచూలువి పదకొండు ఉన్నాయి, వాటికి మాత్రం పక్కటెముకలు ఒక్కొక్కటీ వేలికి తగిలాయి. మేత దగ్గర పెద్దావులు కుమ్మి తరిమేస్తుంటే ఇవి మిగిలిన పుల్లలు ఏరుకుంటున్నాయి. మార్చిలో ఈనాలి. ఇలాగే వదిలేస్తే ఈనే సత్తువ ఉండదు, ఈనినా దూడకు పాలుండవు.

ఒక ఆదివారం పొద్దున్నే ఆ పదకొండింటినీ వేరే దొడ్డిలోకి తోలాను. మధ్యాహ్నం నాన్నను పికప్‌లో తీసుకెళ్లి కంచె పక్కనే ఆపాను.

"దిగు నాన్నా."

"ఎందుకు? ఇక్కణ్ణుంచి కనబడట్లేదా?"

"బాగా కనబడుతోంది, అదే గొడవ. దిగు."

తిడుతూనే దిగాడు. నా భుజం పట్టుకుని, మేస్తున్న ఒక ఎర్రావు దగ్గరికి నడిచాడు. చేతితొడుగు నేనే లాగేసి, ఆయన అరచేతిని దాని వెన్ను మీద పెట్టాను. బొచ్చులోకి దిగిన వేళ్లు ఆగిపోయాయి. తుంటి దాకా తడిమాడు.

"ఎన్నాళ్ల నించి ఇలా?"

"క్రిస్మస్ నించి చెప్తూనే ఉన్నా."

"సరే, మామూలు గడ్డే ఇంకాస్త వెయ్యి. ఏప్రిల్ గడ్డి జోలికి మాత్రం వెళ్లకు."

"ఇప్పుడది తింటున్నదేంటనుకుంటున్నావ్?"

వంగి చూశాడు. ఆకు రాలని, పచ్చటి లూసర్న్.

"నన్నడక్కుండా వామి విప్పేశావా? మరి నన్నిక్కడికెందుకు ఈడ్చుకొచ్చావ్?"

"నీ చేత్తో నువ్వే చూస్తావని. పర్మిషన్ ఎవరడిగారు?"

"మీ తాత బతికుంటే నిన్ను గెంటేసేవాడు."

"గెంటనీ. వీటిని కూడా తోలుకునిపోయేదాన్ని."

మార్చిలో పదకొండూ ఈనాయి. పది దూడలు గంటలోపే లేచి పొదుగు వెతుక్కున్నాయి. ఒకటి కడుపులోనే అడ్డం తిరిగి చచ్చిపోయింది. నాన్న ఆ ఒక్కదాని గురించే మాట్లాడాడు. ఏప్రిల్ పన్నెండున తుపానూ వచ్చింది. వామిలో మిగిలింది రెండ్రోజులకే సరిపోయింది. మూడోరోజు ఇంకేమీ లేక పెద్దావుల ముందు ఉత్త గోధుమగడ్డి పడేశాను. రోజంతా అరిచాయి. ఒక్కటీ చావలేదు.

"విన్నావా?" అన్నాడు నాన్న, ఆ అరుపులు నా మీదేదో నేరం చెబుతున్నట్టు.

"విన్నా. ఒంట్లో కండ ఉన్న ఆవు గనక అరుస్తోంది నాన్నా. లేనిది అరవను కూడా అరవదు, అలా పడిపోతుంది. వచ్చే జనవరిలో కూడా వామి విప్పుతా. ఈసారి నీ కళ్లముందే."