ఇత్తడి పిడి బ్రష్షు

పూజ ఆ పొట్లం మీది కాగితం చదవకుండా ఉంటే నా పొద్దు మామూలుగానే గడిచేది.

"మామా, ఇవి పంది వెంట్రుకలంట. చూసుకోల్యాదా మీరు?" అంది మా కోడలు, కాఫీ నా ముందు పెడుతూ.

చూసుకోలేదు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో నలభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. నగను రాయి మీద గీసి అందులో రాగి ఎంతుందో చెప్పగలను. ఫోనులో తెప్పించుకున్న వెంట్రుకలు ఏ జంతువువో అడగాలని మాత్రం తోచలేదు. ఖరీదు ఎక్కువ, రకం మొదటిది, ఇంకేం కావాలనుకున్నాను. పోయిన నెల ఇదే కొట్టు నుంచి ఇదే రకం తెప్పించాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అంగడి మా అబ్బాయి శరత్ చంద్రకు అప్పజెప్పాక చేతులు ఊరుకోక పాత షేవింగ్ బ్రష్షులు బాగుచేయడం పట్టుకున్నాను. పాత సామాన్ల కొట్లలో వెదికి తెచ్చి, రాలిపోయిన కుచ్చు పీకేసి, పిడికి మెరుగు పెట్టి, కొత్త కుచ్చు అతికించి తెలిసినవాళ్ళకు ఇస్తుంటాను. గడ్డాలు పెంచుకున్నవాళ్ళకు కూడా ఇచ్చానని ఇంట్లో ఎగతాళి. కానీ ప్రాణం పెట్టి చేసింది ఒక్కటే, జమ్మలమడుగు దస్తగిరికి ఇచ్చింది.

అది వాళ్ళ నాన్న షంషుద్దీన్‌ది. మా నాన్న కాలంలో ఆయన మా అంగట్లో నగలకు మెరుగు పెట్టేవాడు. ఇత్తడి పిడి తానే చేసుకుని, దాని చుట్టూ మల్లెతీగ చెక్కుకున్నాడు. కుచ్చు కూడా మేక వెంట్రుకలతో తానే కట్టుకునేవాడు. బజారులో దొరికేదానికి ఇంత పిసినారితనమా అని నేనూ మా నాన్నా నవ్వేవాళ్ళం. ఆయనా నవ్వేవాడు. ఆయన పోయిన ఇన్నేళ్ళకు ఆ పిడి మా అంగడి అటక మీద దొరికింది. బాగుచేసి పదిహేను రోజుల కింద తీసుకెళ్ళి ఇస్తే దస్తగిరి కళ్ళకద్దుకున్నాడు.

"మా కొడుకు కలీం పెండ్లినాడు దీంతోనే నురగ పెట్టి, నా చేత్తో గడ్డం గీస్తా అప్పా," అన్నాడు.

ఆ పెళ్ళి ఈ రోజే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఇంకెవరికైనా చేసి చెప్పే మాట కాదిది. చుట్టాల చెవిన పడితే దస్తగిరి తల ఎక్కడ పెట్టుకుంటాడు? పది గంటలకు ఇంటి నుంచి బయల్దేరుతామన్నాడు కదా అని జమ్మలమడుగు బస్సెక్కాను. సీట్లున్నా కూర్చోబుద్ధి కాలేదు. కండక్టరు నన్ను ఎగాదిగా చూశాడు.

దస్తగిరి ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటి బీబీజాన్ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"తెల్లారకముందే పోయిరి అప్పా పులివెందలకు. పెండ్లికొడుకును ఆడనే తయారు చేస్తారంట. నువ్వేంది ఈడ?"

మళ్ళీ బస్సు. ముద్దనూరులో డ్రైవరు టీ తాగడానికి దిగితే, ఎప్పుడూ ఎవరినీ ఒక మాట అననివాణ్ణి, అతని మీద అరిచేశాను. చెప్పకపోతే ఏమవుతుందన్న ఆలోచన కూడా వచ్చింది, దాచుకోను. ఎవరికీ తెలియదు. పెళ్ళి జరిగిపోతుంది, నా స్నేహం నాకు మిగులుతుంది. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

పులివెందులలో పెళ్ళికూతురి వాళ్ళ మిద్దె మీద కలీం మెడలో తువ్వాలు వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. దస్తగిరి గిన్నెలో నురగ తీస్తున్నాడు, నేనిచ్చిన బ్రష్షుతోనే. నన్ను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

"రా అప్పా! సరైన టయానికి వచ్చినావు."

చెయ్యి పట్టుకుని పిట్టగోడ పక్కకు లాగాను. "దస్తగిరీ, ఆ కుచ్చు పంది వెంట్రుకలది. నాకు ఈ పొద్దే తెలిసింది. తప్పు నాదే."

అతను బ్రష్షు వైపు చూశాడు.

"పదైదు దినాల్నుంచి నేను దీంతోనే గీసుకుంటాండా," అన్నాడు. "గీసుకొని నమాజుకు పోతాండా."

నాకు ఏడుపొచ్చింది. అతను కొళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. ఏమైంది నాయనా అని కలీం అడిగితే ఆగమని చెయ్యెత్తాడు. వచ్చి బ్రష్షు నా చేతికిచ్చి, "పీకెయ్," అన్నాడు.

షామియానా వాళ్ళ దగ్గర పట్టకారు అడిగి తెచ్చాను. ఎంత లాగినా ఊడదు. జన్మలో ఊడదని అందరికీ గొప్పగా చెప్పుకున్న జిగురు అది. వేళ్ళు కోసుకుపోయాక ఊడింది. దస్తగిరి ఆ ఉత్త పిడిని, గిన్నెను రుద్ది రుద్ది కడిగాడు. పిడిని కొడుకు గుప్పిట్లో పెట్టాడు. కొత్త సబ్బుతో నురగ తీసి వేళ్ళతోనే కలీం చెంపలకు రాయసాగాడు.

"మా నాయన మేక వెంట్రుకలతో ఎందుకు కట్టుకుంటాండెనో ఒక్కనాడన్నా అడిగినారా అప్పా?" అన్నాడు, నా వైపు తిరగకుండానే.

"లేదు. దుడ్లు మిగిలించుకోనీకె అనుకుంటిమి."

"మీరట్ల అనుకుంటాండారని మా నాయనకు తెలుసు."

సిగ్గుతో నా తల వాలిపోయింది. పంది వెంట్రుకల మాట ఎత్తి మమ్మల్ని ఇబ్బంది పెట్టలేకనే ఆయన మాతో కలిసి నవ్వేవాడని ఇన్నేళ్ళకు తెలిసింది. దస్తగిరి రెండు చెంపలూ నున్నగా గీసి, మొహం తుడిచి, కలీం గుప్పిట్లోంచి పిడి తీసుకున్నాడు. నా దగ్గరికొచ్చి దాన్ని నా జేబులో పెట్టాడు.

"బక్రీదుకు మేక వెంట్రుకలు నేనిస్తా," అన్నాడు. "మా ఇంటికొచ్చి, నా ముందర కూచోని కట్టాల."