అరిగిన గిట్టలు

పోశన్న బహ్రెయిన్ వచ్చింది మేకలు కాయడానికి కాదు, మేకల్ని ముక్కలు చేయడానికి. సల్మాబాద్‌లో ఒక మాంసం గోడౌన్. కోసేవాడు వేరే ఉన్నాడు. తోలు తీయడం, కాళ్ళు నరకడం, నేల కడగడం పోశన్న డ్యూటీ. జగిత్యాల పక్క పల్లెలో గొర్ల మంద వెనక పెరిగినవాడికి ఇంతకంటే వెక్కిరింత ఏముంటుంది? అయినా చేస్తున్నాడు. చేయక ఎటు పోతాడు? పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర ఉంది.

అతని అన్న ముత్తన్న పాస్‌పోర్టు కూడా ఇలాగే ఇంకెవడి బీరువాలోనో ఉండేది. ఎనిమిదేళ్ళ కిందట ముత్తన్న ఇక్కడే ఒక సైటు నుంచి పారిపోయాడు. అంతే. జైల్లో లేడు, ఆసుపత్రిలో లేడు, శవాల గదిలో లేడు. ఉన్నాడని చెప్పే కాగితం లేదు, పోయాడని చెప్పే కాగితమూ లేదు. పనికి తెచ్చుకున్నప్పుడు మాత్రం మనిషికి పదహారు కాగితాలు రాశారు.

ఇప్పుడు ఊళ్ళో పెద్దమనుషులు తేల్చేశారు. వచ్చే అమావాస్యకు గడ్డితో బొమ్మ కట్టి, ముత్తన్న పేరు పెట్టి, కాల్చి, దినాలు చేసేయాలని. తల్లి రాములవ్వ ససేమిరా అంది. వదిన రమ ఫోన్ చేసింది.

"పోశన్నా, బొట్టు వెట్టుకుంటె ఒకలు నవ్వుతరు, పెట్టుకోకుంటె ఇంకొకలు తిడుతరు. ఎనిమిదేండ్లాయె. నువ్వు ఔనంటెనే అత్త ఒప్పుకుంటదట. శుక్రారం పొద్దుగూకంగ ఫోన్ జేస్త. ఏదో ఒకటి చెప్పు."

ఏం చెప్పాలి? అన్నను చంపే మాట తన నోటి నుంచే రావాలట.

ఆ వారమే గోడౌన్‌కు జౌహర్ వచ్చాడు. డెబ్బై దాటిన నల్లటి ముసలాయన, ఇక్కడే పుట్టిన బహ్రెయినీ. మోకాళ్ళు పట్టుకుని నడుస్తాడు. ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలో అడిగాడు.

"భాయ్, గిట్టలు పారేయకు. నాకివ్వు."

పక్కన నేల కడుగుతున్న కాకినాడ నాగేంద్రబాబు ఊరుకుంటాడా? "ఓరి బాబోయ్! పోశన్నా, ముసలాయన చేతబడి చేత్తాడేమో! నీ జుట్టు కూడా దాచుకో!"

"నెత్తి మీద ఉంటె గద, దాసుకునేటందుకు," అన్నాడు పోశన్న బట్టతల తడుముకుంటూ.

ఊళ్ళో చేసినట్టే కాళ్ళను మంట మీద కాల్చి, గిట్టలు కొట్టి తీసి, సంచిలో పోసి ఇచ్చాడు. జౌహర్ నాలుగు తీసి గుప్పిట్లో ఆడించాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. మొత్తం సంచిని చెత్తడబ్బాలో బోర్లించాడు.

"కాల్చినవి పలకవు. నీళ్ళలో నానబెట్టు. వదులయ్యాక లాగు. నీడన ఆరబెట్టు."

"గివి ఎందుకు చాచా నీకు?"

"శుక్రవారం ముహర్రక్‌లో మా సందుకు తీసుకురా. చూద్దువు."

శుక్రవారం మధ్యాహ్నం పోశన్న ఎండిన గిట్టలు పట్టుకుని ఆ సందు వెతుక్కుంటూ పోయాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పమన్నారు. లోపల నలుగురు ముసలాళ్ళు డప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గోడకు ఒక వెడల్పాటి గుడ్డపట్టీ వేలాడుతోంది. దాని నిండా వరసలు వరసలుగా గిట్టలు. వందలు. కొన్ని నిగనిగలాడుతున్నాయి, కొన్ని గోరంత పలచగా అరిగాయి.

జౌహర్ దాన్ని దించి పోశన్న చేతుల్లో పెట్టాడు. తోలు తీసిన గొర్రెంత బరువుంది.

"మా నాయనమ్మను ఆరేళ్ళప్పుడు ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చారు. అమ్మారు, కొన్నారు. యాకూత్ అని పేరు పెట్టారు, అంటే కెంపు. నా పేరూ ఆ వరసదే, జౌహర్ అంటే రత్నం. అమ్ముకునే సరుక్కి మంచి పేర్లే పెడతారు." అతను నవ్వలేదు. "ముప్ఫై ఏళ్ళు చాకిరీ చేశాక ఒక తెల్లదొర కాగితం రాసిచ్చాడు. నువ్వు ఇక బానిసవి కాదు, మీ దేశం పో అని. ఏ దేశం? ఊరి పేరే తెలీదు. ఏటి ఒడ్డున వాళ్ళమ్మ తన కాళ్ళు కడగడం, అదొక్కటే గుర్తు."

"పోయిందా మరి?"

"ఆమెతో ఉన్నవాళ్ళు తలా ఒకటి అన్నారు. నా పిల్లలు ఇక్కడున్నారు, రాను అన్నాడొకడు. తెచ్చింది ఓడే, మళ్ళీ ఎక్కితే ఇంకెక్కడ అమ్ముతారో అన్నాడింకొకడు. ఆమెతోపాటే ఎత్తుకొచ్చిన తమ్ముడు ఎక్కాడు, ఏమయ్యాడో తెలీదు. నాయనమ్మ దొర మొహం మీదే చెప్పింది. ఓడ ఎక్కను, నడిచి పోతాను అని."

"సముద్రం మీదనా?"

జౌహర్ పట్టీని తట్టాడు. "పోవాలని ఉండి పోలేకపోయినవాళ్ళకు, మనిషికి రెండు గిట్టలు. ఇది మా ఇంటి పద్ధతి, ఇంకెవరికీ లేదు. నడుముకి కట్టి ఆడితే వాళ్ళు నడుస్తారు. ఇదిగో, ఇవి నాయనమ్మవి."

ఆ రెండూ అంచుల దాకా అరిగి, పగిలి ఉన్నాయి. "చూడు, ఎంత దూరం పోయిందో. అందుకే కొత్తవి."

పోశన్న వాటి అంచుల్ని బొటనవేలితో తడిమాడు. "మరి నువ్వు? విమానమెక్కితె ఒక్కపూట గద."

"పోయి ఎవరి తలుపు కొట్టను? ఇది నా ఊరు. మా అమ్మ సమాధి ఇక్కడుంది. నాకు పోవాలని లేదు. పోవాల్సింది వాళ్ళు. నేను తోలుకుపోయేవాణ్ణి."

కొత్త గిట్టలు రెండు కుట్టాడు. పట్టీ నడుముకి బిగించాడు. డప్పు మీద మొదటి దెబ్బ పడింది. మోకాళ్ళు పట్టుకుని నడిచే ముసలాయన నిటారుగా లేచి నిలబడి, నడుము విసిరాడు.

గిట్టలన్నీ ఒక్కసారి పలికాయి. ఆ చప్పుడు పోశన్నకు తెలుసు. పెద్ద మంద రాళ్ళనేల దాటుతున్న చప్పుడు. మందను చెవితోనే లెక్కపట్టే మనిషి అతను. ముందు నడిచేవి, వెనకబడేవి, కుంటేది ఒకటి, అన్నీ వేరువేరుగా వినిపిస్తున్నాయి. దుమ్ము లేస్తుందేమోనని నిజంగానే వెనక్కి తిరిగి చూశాడు. గోడ ఉంది. గోడలోంచి వాళ్ళు పోతూనే ఉన్నారు. వందేళ్ళుగా ఆగకుండా నడుస్తున్న మనుషులు, ఏ కఫీలూ, ఏ దొరా, ఏ ఓడా ఆపలేని మనుషులు, అతని పక్కనుంచి, పాదాలకు తగిలేంత దగ్గరగా. పోశన్న తనకు తెలియకుండానే కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు, దారి ఇవ్వడానికి.

డప్పులు ఆగాయి. పోశన్న సంచిలోంచి రెండు గిట్టలు ఏరాడు. ఒకే మేకవి, ఒకే కాలివి.

"చాచా, మా అన్న. ఈడనే తప్పిపోయిండు. సచ్చిండో బతికిండో తెల్వది."

"మా వాళ్ళ సంగతి మాకు తెలుసా?" అంటూ జౌహర్ సూది అందించాడు. "నువ్వే కుట్టు."

"మీవాళ్ళది ఆఫ్రికా. మా అన్నది జగిత్యాల దిక్కు."

"కాళ్ళు వాళ్ళవి, భాయ్. దారి వాళ్ళకు తెలుసు."

పోశన్న కుట్టాడు. జౌహర్ మళ్ళీ లేచాడు. అన్ని వందల అడుగుల్లో కొత్తగా కలిసిన రెండడుగుల్ని పోశన్న చెవి పట్టుకుంది.

బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఫోన్ మోగింది.

"వదినా, దినాలు జెయ్యుండ్రి. అవ్వతోని నేను మాట్లాడ్త."

అవతల రమ మెల్లగా అంది. "మనసుల మాటేనా, పోశన్నా?"

"మనసుల మాటనే. గని బొమ్మకు కాళ్ళు మంచిగ కట్టుండ్రి. గట్టిగ. అన్న నడిచి అస్తున్నడు."