ఉప్పుబోరు స్నానాలు

బుడమేరు పొంగి కొల్లేటి మీద పడిన ఏడాది. ఈశ్వరప్రసాద్ గారి రొయ్యల చెరువుల గట్లు తెగి, పట్టుబడికి వచ్చిన రొయ్యంతా కొల్లేటి పాలైంది. మిగిలింది చెరువులకి ఉప్పునీళ్లు తోడే లోతుబోరు ఒక్కటే. ఆ నీళ్లు గోరువెచ్చగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తాయి. దసరా వెళ్లేసరికి ఆయన బోరు పక్కన రేకుల షెడ్డు వేసి, సిమెంటు తొట్లు కట్టించి, కైకలూరు రోడ్డు మీద బోర్డు పెట్టించాడు. మినరల్ స్నానం: కీళ్లనొప్పులు, చర్మవ్యాధులు, షుగరు.

ఆ చెరువులకి ఇన్నేళ్లూ కాపలా కాసినవాడు జ్ఞానయ్య. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి. భార్య యేసమ్మకి షుగరు. అరికాళ్లు మొద్దుబారి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఏలూరు ఆసుపత్రికి పోదామంటే ససేమిరా అనేది. వాళ్ల అక్క పెర్సిస్ పుండుతో ఆసుపత్రికి వెళ్లి, మోకాలి కింద కాలు లేకుండా తిరిగొచ్చింది మరి.

"నేను స్నానాలకి పోతానండీ," అంది ఒకనాడు. "రొయ్య పెంకు మెత్తబడితే మీరేం చేసేవారు? చెరువులో మినరల్ చల్లేవారు. గట్టిపడేది. నా కళ్లతో చూశాను కదా."

"రొయ్యకి షుగరుండదే."

"మీకూ లేదు. ఉంటే నోట్లోంచి ఒక తీపి మాటైనా వచ్చేది."

వెళ్లింది. చలి ముదిరింది. నీళ్లు తొట్లోకి వచ్చేసరికి చల్లారిపోతున్నాయని జనం గొణిగితే, ప్రసాద్ గారు కట్టెల బాయిలరు పెట్టించాడు. తొట్ల దగ్గర పనిచేసే సాయిదుర్గ మర్యాదగా అడిగేది, "వేడి సరిపోయిందాండీ?" అని. యేసమ్మ కాళ్లు తొట్లో పెట్టుకుని, "ఏమీ తెలియట్లేదమ్మా, ఇంకాస్త వదులు," అనేది.

బొబ్బలు లేచాయి. "ఒంట్లో చెడునీరు దిగిపోతోందండీ, మంచిదే," అంది సాయిదుర్గ. యేసమ్మ నమ్మింది. మొగుడికి చెప్పకుండా పాతచీర పేలిక చుట్టుకుంది.

ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే జ్ఞానయ్యకి వాసన తగిలింది. బోరు వాసన కాదు. ఆమెని మంచం మీద కూర్చోబెట్టి పేలిక విప్పాడు. బొటనవేలి నుంచి మడమ దాకా తోలు ఊడి ఉంది. వేళ్ల సందులు నల్లబడ్డాయి.

"నొప్పి లేదండీ," అంది ఆమె, అదేదో శుభవార్త అయినట్టు.

చర్చి బట్టలతోనే షెడ్డుకి పోయాడు. ప్రసాద్ గారు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏం జ్ఞానయ్యా, నువ్వూ దిగుతావా? నీ దగ్గర టిక్కెట్టు అడుగుతానా."

"యేసమ్మ కాలు ఉడికిపోయిందండీ."

"అయ్యో. మేం అడిగామయ్యా. వేడి సరిపోయిందా అని ప్రతిసారీ అడుగుతాం. ఆవిడే ఇంకా వదలమంది. ఏం దుర్గా?"

"అవునండీ," అంది సాయిదుర్గ తల వంచుకుని.

"స్పర్శ లేని కాలండీ అది. దాన్నా అడుగుతారు?"

"అదంతా మాకేం తెలుసు?"

"బోర్డు మీద షుగరని రాయించారు కదండీ."

ప్రసాద్ గారి ముఖం కందింది. గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "సరేలే. పుండు మానేదాకా ఊరికే రమ్మను. ఉప్పునీళ్లు పుండుకి మంచివే."

జ్ఞానయ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. చెరువులో మందు ఎక్కువై రొయ్య తేలినప్పుడు ఇదే మనిషి కాపలావాళ్లని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. రొయ్యకి జరిగితే నేరం, యేసమ్మకి జరిగితే సరేలే. ఇంకొక్క మాట మాట్లాడితే అందులో 'అండీ' ఉండదని తెలిసి వెనక్కి తిరిగాడు.

ఇంటికొచ్చేసరికి యేసమ్మ నవ్వుముఖంతో ఉంది. "దుర్గ ఫోన్ చేసిందండీ. ఊరికే రమ్మన్నారట. రేపు పొద్దున్నే పోతాను."

"ఏలూరు పోతున్నాం."

"కాలు తీసేస్తారు. నేను రాను. స్నానాలకే పోతాను."



తెల్లారాక గునపం భుజాన వేసుకుని షెడ్డుకి పోయాడు. బాయిలరు నుంచి తొట్లకి పోయే గొట్టం విరిగేదాకా కొట్టాడు. తర్వాత తొట్లు ఒక్కొక్కటీ పగలగొట్టాడు. అప్పుడే పనికొచ్చిన సాయిదుర్గ గుమ్మంలో బిగుసుకుపోయింది.

"జ్ఞానయ్య కొట్టాడని చెప్పు," అన్నాడు. "అడిగితే ఏలూరు ఆసుపత్రిలో ఉంటాడని కూడా చెప్పు."

రోడ్డు మీద ఆటో ఆపి ఇంటికి తెచ్చాడు. యేసమ్మని రెండు చేతులా ఎత్తుకున్నాడు. ఆమె ఆయన వీపు మీద గుద్దుతూ, "రానంటున్నానా, నేను స్నానాలకి పోతానంటున్నానా," అని అరిచింది.

"స్నానాలు లేవు. పగలగొట్టి వచ్చాను."

ఆమె గుద్దడం ఆపి ఆయన ముఖంలోకి చూసింది. ఏలూరు దాకా ఆమె పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, తువ్వాలుతో ఈగలు తోలుతూ కూర్చున్నాడు.