కడిగేసిన బొమ్మ

నూట పదహారో సంచీ మీద మందుల దుకాణం పేరు పడింది. సంచులక్క గుడ్డ బిగించిన అచ్చు ఫ్రేము పైకెత్తి, అక్షరాల అంచులు చూసి, సంచీని దండేనికి తగిలించింది. ఇంకో ఖాళీ సంచీ పరిచి, ఫ్రేము దించి, చెంచాడు నీలం ఇంకు వేసి, రబ్బరు పట్టీని రెండు చేతులా తనవైపు లాగింది. ముప్ఫై ఏళ్లుగా ఇలా లాగీ లాగీ ఆమె కుడి భుజం ఎడమదానికన్నా కిందికి జారింది. వీధిలో ఎవరికీ ఆమె అసలు పేరు గుర్తులేదు. ఇంటి వెనక గదిలో నిలబడి దుకాణాల పేర్లన్నీ అచ్చువేసే మనిషికి తన పేరుతో పని పడలేదు.

నిన్నటిదాకా ఆ ఫ్రేము చెల్లెలిది.

చెల్లెలికి మూడేళ్లప్పుడు తల్లి పోయింది. ఫొటో ఒక్కటీ లేదు. పదిహేనేళ్ల అక్క బడి మానేసి, అచ్చు పని నేర్చుకుని, చిన్నదాన్ని సాకింది, బొమ్మల చదువు చదివించింది. చెల్లెలు అట్టల మీద పాత చీర ముక్కలు, గుండీలు, ఉత్తరాల చింపులు అంటించి, వాటిమీద రంగులు అచ్చువేసేది. ఈసారి అమ్మ ముఖం వేస్తానంది. రెండు నెలలు, రోజూ మధ్యాహ్నం, అక్క చేతిలో పని ఆపకుండానే చెబుతూ పోయింది, చెల్లెలు స్క్రీన్ గుడ్డ మీద కుంచెతో గీస్తూ, చెరుపుతూ పోయింది.

"ముక్కు ఇంకాస్త వెడల్పే. కాదు కాదు, అంత కాదు."

మూడు రోజుల కిందట ఫ్రేమును కిటికీ వెలుగుకి పట్టి చూపిస్తే, అక్క చాలాసేపు చూసి, "ఆఁ, అమ్మే" అంది. ఆదివారం అచ్చువేద్దామనుకున్నారు.

అంతలో మందుల దుకాణం పని వచ్చిపడింది, అర్జెంటని. మంచి ఫ్రేము ఇంకొకటి లేదు. నిన్న సాయంత్రం చెల్లెలు బయటికెళ్లినప్పుడు సంచులక్క ఆ గుడ్డకి గీతలు కరిగించే మందు రుద్ది నీళ్లు పోసింది. తెలియక చేసింది కాదు. మళ్లీ గీసుకోవచ్చులే అనుకుంది. చేతికి అలవాటైన పని, రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఇప్పుడు చెల్లెలు టీ గ్లాసులతో గదిలోకి వచ్చి, ఫ్రేము చెక్కకి తను చుట్టుకున్న ఎర్రదారం చూసి ఆగింది.

"ఇది నాదే కదక్కా?"

"అర్జెంటన్నారే. నాకు గుర్తుందిగా, మళ్లీ చెబుతాను. గీద్దువుగాని."

చెల్లెలు టీ గ్లాసును ఇంకు తగలనంత దూరంలో పెట్టింది.

"నువ్వు అమ్మని పదిహేనేళ్లు చూశావక్కా. నేను ఆ గుడ్డ మీద రెండు రోజులే చూశాను."

మధ్యాహ్నం దుకాణాయన వచ్చి సంచుల కట్ట చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంత హడావుడి ఎందుకమ్మా, వచ్చే వారమిచ్చినా సరిపోయేది. మీకు పని చెప్పిన మావాడికి అన్నీ అర్జెంటే, క్షవరం కూడా" అని నవ్వాడు. అలవాటుకొద్దీ సంచులక్కా నవ్వింది. ఆయన వెళ్లాక ముందు గదిలోకి నడిచింది.

అక్కడ చెల్లెలు బట్టలు సర్దుకుంటోంది. దూరపు ఊళ్లో ఒక హాస్టలు బడివాళ్లు బొమ్మల టీచరుగా రమ్మని రాసి నెల దాటింది. అక్కని ఒంటరిగా వదిలి వెళ్లలేక జవాబివ్వకుండా నానుస్తూ వచ్చింది.

"ఫోన్ చేశానక్కా. రేపే చేరమన్నారు. ఇవాళ ఆరింటికి బస్సు."

తప్పయిపోయిందే అన్న మాట సంచులక్క గొంతుదాకా వచ్చింది. తీరా నోరు తెరిస్తే, "గొడుగు పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా."

గుమ్మంలో చెల్లెలు అక్క మోచేతికంటిన నీలం మరకని బొటనవేలితో రుద్ది, పోకపోతే వదిలేసి, మెట్లు దిగింది. కోపమైతే చెల్లెలు తిట్టేది. తనూ తిట్టేది. రేపటికల్లా ఇద్దరూ సర్దుకునేవారు.

వీధి మలుపులో ఆమె కనుమరుగయ్యాక సంచులక్క వెనక గదిలోకి వచ్చి కళ్లు మూసుకుంది. అమ్మ ముఖం కోసం వెతికింది. చెల్లెలు గీసిన గీతలే వచ్చాయి. వాటి వెనక ఇంకేమీ లేదు.

కిటికీ గట్టు మీద చెల్లెలి జిగురు కుంచె, నిన్న అట్టకంటించడానికి తీసింది తీసినట్టే, పళ్లెం అంచుకి ఆనించి ఉంది, కొసన జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.