పేరిందేవమ్మ గారి అడుగులు

మా అత్త పాదాలు మంగళవారం పొద్దుటి నుంచి నేలకు ఆనడం లేదు. ఆమె నిలబడి దండెం మీద బట్టలు సర్దుతుంటే నేను వసారా ఊడుస్తున్నాను. చీపురు ఆమె కాళ్ళ కిందుగా అడ్డు లేకుండా అవతలికి పోతుంది. వంగి చూస్తాను. పాదాలకూ గచ్చుకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉంది. ఆ సందులోంచి చీమల బారొకటి తీరుబడిగా నడిచిపోతోంది.

“నా చుట్టూ తిరిగి ఊడ్చే పని తప్పింది గదే నీకు,” అంటుంది అత్త.

పది గంటలకు మా ఊరి నర్సు సుగుణ వస్తుంది. అత్త పిడికిట్లో ఒక యంత్రం పెట్టి గట్టిగా నొక్కమంటుంది. యాభై ఏళ్ళు పాలు పితికిన చెయ్యి అది. అత్త పళ్ళు బిగించి నొక్కుతుంది. ముల్లు కదలదు. సుగుణ ఆశ్చర్యపోదు. ఈ వీధిలో ఇది నాలుగో మనిషి అని చెప్పి, అత్త మణికట్టుకు నల్లటి పట్టీ చుడుతుంది. అది అడుగులు లెక్కపెడుతుందట. బరువు చూస్తుందట. మనిషి పడబోయే ముందు నా ఫోనులోంచి హెచ్చరిస్తుందట. మూడు రోజులు వరసగా సున్నా అడుగులని వస్తే మాత్రం, మండలం నుంచి వ్యాను వచ్చి మనిషిని పెద్ద హాలుకు తీసుకుపోతుంది.

అక్కడేం చేస్తారని అడుగుతాను.

“ఏం చెయ్యరు వదినా. కప్పు బాగా ఎత్తు. అందరూ పైన ఆనుకొని ఉంటారు. ఫ్యాన్లు పీకేశారులే, భయం లేదు.”

అత్త ఆ రోజంతా నడుస్తూనే ఉంటుంది. వంటింట్లోకి, వాకిట్లోకి, గొడ్లచావిట్లోకి. గాలిలో వేసిన అడుగును పట్టీ లెక్కలోకి తీసుకోదు. సాయంత్రం ఫోను సున్నా అంటుంది. బుధవారమూ సున్నా.

గురువారం పొద్దున అత్త ముఖం కడుక్కుంటున్నప్పుడు, ఆమె తీసి పక్కన పెట్టిన పట్టీని తీసుకుపోయి మా చూడిగేదె ముంగాలికి కడతాను. దాని కాలికి దిష్టితాడు ఎటూ ఉంది. నలుపు పక్కన నలుపు. ఎవరూ చూడరు.

ఫోను సంతోషిస్తుంది. పేరిందేవమ్మ గారు ఈ రోజు ఆరువేల అడుగులు వేశారంటుంది. ఆకలి బాగుందట. మధ్యాహ్నం కాలవలో రెండు గంటలు కూర్చున్నారట. నెమరు సక్రమంగా ఉందట. బరువు నాలుగు వందల ఎనభై కిలోలు. సుగుణ ఫోను చేసి నన్ను మెచ్చుకుంటుంది, అత్తకు తానిచ్చిన బలం మందు ఇక ఆపెయ్యమంటుంది.

వ్యాను రాదు. కానీ ఫోను మెచ్చుకున్నప్పుడల్లా అత్త జానెడు పైకి లేస్తుంది. శుక్రవారానికి ఆమె మోకాళ్ళు నా తలకు తగులుతున్నాయి. బల్ల ఎక్కి అన్నం పెడతాను. ఆమె నడుముకు కొత్త పలుపు చుట్టి, కొసను రుబ్బురోలుకు కట్టి, ముడి గట్టిగా ఉందో లేదో గంటకోసారి చూసుకుంటాను.

శనివారం గేదె లేవదు. ముందు మేత ఉంది, కుడితి ఉంది. అది మెడ చాచి నా చేతిలోని ఫోను వైపు చూస్తోంది.

“పేరిందేవమ్మ గారూ, మీరు పడిపోవచ్చు. దయచేసి లేవకండి,” అంటుంది ఫోను, మర్యాదగా.

గేదె వింటుంది. తోక మెలిపెడతాను. భుజం ఆనించి నెడతాను. కదలదు. నెలలు నిండిన గొడ్డు ఇట్లా పడుకొనే ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు.

పలుపు పట్టుకొని అత్తను చావిట్లోకి తీసుకువస్తాను. జరిగిందంతా చెబుతాను. ఆమె దూలం పట్టుకొని గేదె కాలి వైపు చూస్తుంది.

“బర్రెకి నా పేరు పెట్టావా?”

“నిన్ను తీసకపోతారని, అత్తా.”

“పేరు పోతే పోయిందిలే. నా అడుగులిచ్చావు. నేను పడాల్సిన పడటం కూడా దానికే ఇచ్చావు గదే. కడుపుతో ఉన్న గొడ్డు, అదెట్టా మోసిద్ది? విప్పు. నాది నాకియ్యి.”

“పడితే నీ తుంటి ఇరిగిద్ది.”

“ఇరిగితే నా తుంటేగా.”

పలుపును గుంజకు కట్టి, పట్టీ విప్పుతాను. ఫోను దాచిపెట్టిన సున్నాలన్నీ ఒక్కసారే చెబుతుంది. సున్నా, సున్నా, సున్నా. వీధి మొదట్లో వ్యాను హారను మోగుతుంది.

గేదె నిట్టూర్చి, మొదట వెనక కాళ్ళు లేపి, తరవాత ముంగాళ్ళు లేపి నిలబడుతుంది.

“కొంగు పట్టు,” అంటుంది అత్త పైనుంచి.

పట్టీని పళ్ళతో కరిచి, రెండు చేతులా కొంగు చాపి ఆమె కోసం కాచుకుంటాను. ఆమె పడదు. ఆమె పడటం ఒక్కటే పడుతుంది.

అది కొంగులోకి వెచ్చగా, బరువుగా దిగుతుంది. అప్పుడే పుట్టిన దూడకు మల్లే ఒళ్ళంతా తడి. దాని మోకాళ్ళు అచ్చం మా అత్త మోకాళ్ళు, కాకపోతే నాలుగున్నాయి. కొంగు పర్రున చిరుగుతోంది.

“కింద పెట్టు. భయపడబాక.”

గడ్డి మీద పెడతాను. గేదె వంగి దాన్ని నాకుతుంది. వాకిట్లో వ్యాను ఆగుతుంది. ఇద్దరు మనుషులు పొడవాటి నిచ్చెన దింపుతున్నారు. పట్టీని గడ్డి మీదున్న దాని ముంగాలికి చుడతాను. గుంజ దగ్గరి పలుపు కొస విప్పి దాని మెడకు కడతాను.

అది లేస్తుంది. పడుతుంది. పడటమే దాని పుట్టుక కాబట్టి దానికి దెబ్బ తగలదు. మళ్ళీ లేస్తుంది.

“ఒకటి,” అంటుంది ఫోను.

నిచ్చెన మనుషులు ఆగిపోతారు.

“రెండు.”

అది వాళ్ళ మధ్యనుంచి వీధిలోకి నడుస్తుంది, నాలుగు మోకాళ్ళూ నాలుగు వైపులకు తడబడుతూ. పలుపు రెండో కొసన, ఇంటి కప్పుల ఎత్తులో, మా అత్త నాలికతో టక్కు టక్కుమంటూ దాన్ని కాలవ వైపు తోలుకుపోతోంది. నిచ్చెన నిలువుగా ఎత్తి పట్టుకొని ఆ ఇద్దరూ వెనకాలే నడుస్తున్నారు, దాని లెక్క ఎప్పుడు తప్పుతుందా అని.