మూడు రోజుల పాత చీర

బహ్రెయిన్‌లో గట్టి వాన పడితే రోడ్లు ఆగిపోతాయి. ఏడాదిలో నాలుగైదు రోజులు పడే వాన కోసం ఎవరు కాలువలు తవ్వుతారు? ఆ మంగళవారం తెల్లారక ముందే మొదలైన వాన మధ్యాహ్నానికి జింజ్‌లోని మా బిల్డింగు ముందు మోకాలి లోతు నీళ్లు నిలిపింది. స్కూళ్లకు సెలవిచ్చారు. మా ఆయన జునైద్ స్కూలు వ్యాను నడుపుతాడు కాబట్టి ఆయనకూ సెలవే. ఆయన దుప్పటి ముసుగేశాడు. నాకు ఏం తోచక కిటికీ దగ్గర నిలబడి ఉంటే, కింది అంతస్తు నుంచి భూలక్ష్మి ఫోన్ చేసింది.

"నజ్నీనక్కా, మీ ఇంట్ల పాత గుడ్డలుంటే మూట గట్టుకొని రా. బొంత కుడుతున్నం."

భూలక్ష్మిది కోరుట్ల పక్క పల్లె, నాది మెట్‌పల్లి. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరికొకరం తెలియదు, ఇక్కడికొచ్చాక అక్కాచెల్లెళ్లమయ్యాం. ఆమె భర్త దేవేందర్ అస్కర్‌లో కాంట్రాక్టరు కింద పని చేస్తాడు. వాన వల్ల బస్సు రాక ఆ నాలుగు రోజులూ అక్కడి కూలీల క్యాంపులోనే ఉండిపోయాడు. ఆమె ఇంట్లో మిషను మీద ప్యాంట్లు పొట్టి చేస్తుంది, బురఖాలకు అంచులు కుడుతుంది. మిషను కింద బస్తా నిండా ముక్కలుంటాయి.

నేను జునైద్ పాత కుర్తాలు రెండు, మా పాప స్కూలు చొక్కా, నా పాత దుపట్టా ఒకటి పట్టుకుని దిగాను. హాల్లో చాప పరిచి, ముక్కలన్నీ గుమ్మరించి, మధ్యలో దుర్గవ్వ కూర్చుని ఉంది.

దుర్గవ్వ భూలక్ష్మికి చిన్నమ్మ. పదకొండేళ్లు ఇక్కడే, వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో వంట చేసి, పిల్లల్ని పెంచింది. ఆదివారమే ఆ పని ముగిసింది. శనివారం పొద్దున విమానం. ఊళ్లో ఆమె కూతురు రమకు ఎనిమిది నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డ కోసమే ఈ బొంత.

"మా దిక్కు ఒక పద్ధతున్నదమ్మా," అంది దుర్గవ్వ, దబ్బనంలోకి దారం ఎక్కిస్తూ. "పుట్టిన బిడ్డను కొత్త గుడ్డ మీద పండవెట్టం. బొంతకు ఒక దిక్కు ఏ ముక్కలైనా సరే. బిడ్డ పండే దిక్కు మాత్రం అమ్మమ్మ కట్టి కట్టి నలిగిన చీర ఉండాలె. ఆ వాసనకు బిడ్డ బెదరదు."

మా ఇళ్లలోనూ పసిబిడ్డకు పెద్దవాళ్ల పాత బట్టలే తొడుగుతారు. అదే చెప్పాను. ఆమె సంతోషంగా తలూపింది.

ముక్కలు ఏరడం మొదలుపెట్టాం. భూలక్ష్మి రంగులు కలిపి చూస్తుంది, నేను కత్తిరిస్తాను, దుర్గవ్వ కుడుతుంది. ఆమె కుట్టు చిన్నది, వరసగా నడిచే చీమల్లా ఉంది. అంతలో రమ ఫోన్ చేసింది. స్పీకరు పెట్టారు.

"అమ్మా, మా అత్తమ్మ అడుగుతున్నది. పొత్తిగుడ్డలు, బొంత తయారు జేస్తున్నది. నీ చీర ఉన్నదా, లేకుంటే ఆమె చీర ఏస్తనంటున్నది."

"ఎందుకు లేదే? నేను కట్టిన చీరనే తెస్తున్న. బొంత కుట్టుకొనే వస్తున్న," అంది దుర్గవ్వ.

ఫోన్ పెట్టేశాక ఆమె చేయి ఆగిపోయింది. భూలక్ష్మి తలెత్తింది.

"ఏ చీర చిన్నమ్మా?"

దుర్గవ్వ లేచి వెళ్లి పెట్టె తెరిచింది. అడుగున ఆకుపచ్చ నేత చీర, మడత కూడా చెదరలేదు. పదకొండేళ్ల కింద వచ్చేటప్పుడు కట్టుకొచ్చిందట. దిగిన రోజే ఆ ఇంటివాళ్లు పొడుగు గౌన్లు ఇచ్చారు. అప్పటి నుంచి గౌన్లే. మధ్యలో రెండుసార్లు సెలవు దొరికినా, ఆ ఇంట్లో పసిపిల్లలున్నారని వెళ్లలేకపోయింది. రమ పెళ్లి వీడియోలో చూసింది.

"మరి ఆ గౌన్లేవి పెద్దమ్మా?" అన్నాను. "మెత్తటి కాటన్‌వే కదా. అవి వేసినా నీవే కదా."

"మొన్న వచ్చేనాడు చెత్త డబ్బాల ఏసిన బిడ్డా. ఖలాస్, మళ్ల వీటి మొకం జూడనని మొక్కుకొని మరీ ఏసిన."

కాసేపటికి దుర్గవ్వ ఆ చీర పట్టుకుని బాత్రూంలోకి వెళ్లింది. వేడినీళ్లు పట్టిన చప్పుడు, ఆ తర్వాత చీరను నేలకేసి బాదుతున్న చప్పుడు వినిపించాయి.

బుధవారం నేను దిగేసరికి ఆ చీరను మూడోసారి ఉతికి హాల్లో అడ్డంగా తాడు కట్టి ఆరేసింది. బయట వాన, లోపల చీర, రెండూ కారుతున్నాయి. కింద బకెట్ పెట్టారు. సోడా వేసి ఉడకబెట్టిందట. రంగు కొంచెం వెలిసింది కానీ, బట్ట ఇంకా బిరుసుగానే ఉంది. దుర్గవ్వ మాటిమాటికీ లేచి కొంగు నలిపి చూస్తోంది.

"చిన్నమ్మా, నువ్వు దాన్ని సంపుతున్నవ్ గని ముసలిదాన్ని జేస్తలేవ్," అంది భూలక్ష్మి.

"నీకేం తెలుసే. ఇంకోపారి ఉప్పు నీళ్లల్ల పెడ్త. రమ పట్టుకొని జూస్తది. వాళ్ల అత్త ఇంకా గట్టిగ పట్టుకొని జూస్తది."

నేను కత్తెర ఆడిస్తున్నాను కానీ నా మనసు ఆ మాట దగ్గరే ఉండిపోయింది. పట్టుకుని చూస్తే పాతదని నమ్మాలి. అంటే కన్నకూతురితో అబద్ధం. పుట్టబోయే బిడ్డ కింద అబద్ధం పరుస్తామా? కానీ, పదకొండేళ్లు ఇంకొకరి పిల్లల్ని పెంచిన మనిషితో అబద్ధం ఆడకు అని చెప్పడానికి నేనెవరిని? నాకైతే మా పాప రోజూ ఒళ్లోనే ఉంది. నమాజు వేళయితే పైకెళ్లి చదువుకుని వచ్చాను. వాన పడేటప్పుడు చేసే దువా వృథా పోదని మా అమ్మ అనేది. కానీ ఏమని అడగాలి? ఒక చీరను పాతబడనివ్వమని అల్లాను అడగవచ్చా? అడిగాను. అడగకూడదని మాత్రం ఎక్కడా చదవలేదు.

కిందికి వచ్చాక నోరు ఊరుకోలేదు.

"ఉతికితే చీర చినిగిపోతుంది పెద్దమ్మా, పాతది కాదు. కట్టుకుంటే అవుతుంది. ఇంకా మూడు రోజులున్నాయి కదా. కట్టుకో."

దుర్గవ్వ నన్ను చూసింది, చీరను చూసింది. "మూడు దినాలకే?"

"మూడు దినాలకు ఎంతైతే అంత."

భూలక్ష్మి ఇస్త్రీపెట్టెతో తడి ఆర్చింది. దుర్గవ్వ, భూలక్ష్మి ఇచ్చిన నైటీ విప్పి చీర కట్టుకోబోయింది. కుచ్చిళ్లు పోసే చేయి తడబడింది. నాలుగు పోస్తే రెండు జారాయి. కొంగు భుజం మీద నిలవలేదు.

"యాదికొస్తలేదే," అంది నవ్వబోతూ.

నవ్వు పూర్తి కాలేదు. భూలక్ష్మి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్ది దోపింది, చిన్నపిల్లకు కట్టినట్టు.

ఆ పూట నుంచి దుర్గవ్వ ఆ చీర వదల్లేదు. అందులోనే వండింది, అందులోనే పడుకుంది. ఒక మోకాలు మీదికి మడిచి, బొంతను దాని మీద పరుచుకుని కుట్టింది. గురువారం మధ్యాహ్నం పప్పు గిన్నె దించుతూ ఒలకబోసుకుంది.

"అయ్యో, మరక," అన్నాను నేను.

"ఉండనియ్ బిడ్డా, ఉండనియ్," అంది. బంగారు బొట్టు పెట్టినట్టు ఆ మరకను చూసుకుంది.

శుక్రవారానికి వాన సన్నబడింది. ముక్కల వైపు పూర్తయింది. జునైద్ కుర్తా తెలుపు పక్కన దేవేందర్ లుంగీ నీలం, దాని పక్కన మా పాప స్కూలు చొక్కా. మధ్యలో నా దుపట్టా మెత్తగా పరిచాం. ఇక చీర వైపే మిగిలింది.

"చీర ఇడువు చిన్నమ్మా. సాయంత్రానికల్ల కుట్టేద్దాం," అంది భూలక్ష్మి.

దుర్గవ్వ కొంగు చేత్తో పట్టుకుని కదలకుండా కూర్చుంది. నావైపు తిరిగింది.

"నజ్నీనమ్మా, నువ్వు దినాం ఐదు పూటలు దేవుని ముంగట నిలవడేదానివి. నువ్వు చెప్పు. ఇది నేను కట్టిన చీరేనా?"

ఔననేస్తే సరిపోయేది. ఆమెకు కావలసిందీ అదే అనుకుంటాను.

"కట్టిన చీరే పెద్దమ్మా. మూడు రోజులు కట్టిన చీర."

ఆమె మొహం వాడిపోయింది. ఎందుకన్నానా అనుకున్నాను. నిజం చెప్పడం మంచిదే కానీ, అది ఎవరి ఒళ్లో పడుతుందో చూసుకోవద్దా? భూలక్ష్మి నన్ను చూడకుండా దారం ఉండ చుట్టసాగింది. చాలాసేపటికి దుర్గవ్వ ఫోన్ అందుకుంది.

"రమా, ఒక మాట చెప్త, నారాజ్ గాకు. నా తాన పాత చీర లేదే. ఈ దేశంల నేను చీర కట్టలే. ఇది మొన్న బుధవారం నుంచి కట్టిందే. మీ అత్తమ్మ చీరనే ఎయ్యమను."

అటు నుంచి రమ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, నాకింక మూడు నాలుగు వారాలున్నది గద. వచ్చి ఈడ దినాం అదే కట్టుకో. నొప్పులొచ్చిన్నాడు విడువు. నా ముంగట కూసొని కుట్టు."

వెనక నుంచి ఇంకో గొంతు, రమ అత్తది, కాస్త బొంగురుగా వచ్చింది. "వదినె, నా చీర నడుమల ఏద్దాం తియ్. ఇద్దరి చీరలు పడ్తయ్. గని నువ్వు జల్ది రా, ఈ పిల్లతోని నాకైతలేదు. ఏం వండినా తింటలేదు."

"ఏం తింటదో నాకు తెలుసు వదినె," అంది దుర్గవ్వ, కళ్లు తుడుచుకుంటూ. ఆ తర్వాత ఇద్దరు వియ్యపురాళ్లూ చింతచిగురు గురించి పావుగంట మాట్లాడుకున్నారు. నేను, భూలక్ష్మి కలిసి ముక్కల వైపు అంచులు మడిచి కుట్టేశాం. చీర పరచాల్సిన వైపు అలాగే వదిలేశాం.

శనివారం పొద్దున వాన ఆగింది. జునైద్ వ్యాన్‌లో ఎయిర్‌పోర్టుకు బయలుదేరాం. దుర్గవ్వ ఆ చీరలోనే ఉంది. కుచ్చిళ్లు తానే పోసుకుంది, ఒకటి కొంచెం పొట్టిగా వచ్చింది.

"దబ్బనం ఎక్కడ పెట్టిన్రు?" అడిగాడు జునైద్.

"చేతి సంచిల."

"చెకింగ్‌ల తీసేస్కుంటరు పెద్దమ్మా. పెట్టెల పెట్టు."

రోడ్డు పక్కన వ్యాను ఆపి, పెట్టె విప్పి, దబ్బనాన్ని బొంత మడతలో గుచ్చారు. భూలక్ష్మి తాళం వేసి రెండుసార్లు లాగి చూసింది.

ఎయిర్‌పోర్టు ముందు దిగే చోట ఇంకా నీళ్లు నిలిచి ఉన్నాయి. నేను ముందుగా దిగి చెయ్యి అందించాను.

"చీర ఎత్తిపట్టుకో పెద్దమ్మా, అంచు తడుస్తోంది."

"తడవనియ్ బిడ్డా," అంది దుర్గవ్వ, కుచ్చిళ్లు వదిలేసి నా చెయ్యి పట్టుకుంటూ. "ఇంకింత పాతగైతది."