రెండంగుళాల లూజు

మా వదిన చేసే బొమ్మల్ని మా ఇంట్లో ఎవరూ బొమ్మలనుకోలేదు. సైకిలు చైన్లతో, విరిగిన కుర్చీ కాళ్లతో ఆమె చేసిన కొంగ పెరట్లో నిలబడి ఉంటే, మా అమ్మ దాని మెడకి కూరల సంచీ తగిలించేది. తలుపు గడియలతో చేసిన చెట్టు మీద మా అన్నయ్య చొక్కాలు ఆరేసేవాడు.  వదిన సంచీ తీసి పక్కన పెట్టేది. మర్నాటికి సంచీ మళ్లీ కొంగ మెడకెక్కేది.

"పనికొచ్చే బొమ్మ చేశావమ్మాయ్" అని అమ్మ మెచ్చుకుంటే వదిన మొహం చూడాలి.

వీధిలోవాళ్లు ఆమెకి తుక్కక్క అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తరవాత ఎదురుగానే. "తుక్కక్కా, మా కుక్కరు చెవి విరిగింది, కావాలా?" అని గుమ్మంలోకి వచ్చి అడిగేవాళ్లు. వదిన "కావాలి" అనేది.

మా వీధి చివరి పాత ఆసుపత్రి చాలాకాలం మూతపడి ఉండి, ఇప్పుడు లైబ్రరీగా మారుతోంది. కిటికీలన్నీ ఊడదీసి అద్దాలవి పెట్టారు. అడ్డంగా సన్నటి పలకలు అమర్చిన పొడవాటి పాత కిటికీ రెక్కలు వెనక దొడ్లో గుట్టగా పడి ఉన్నాయి. వాటిలో రెండు అడిగి తెచ్చుకుందామని వెళ్లిన వదిన, ఆర్కిటెక్టు అమ్మాయితో మాటల్లో పడి, మొత్తం గుట్ట తనదే అనిపించుకుని వచ్చింది.

"గుట్టతో పాటు ఒక చోటు కూడా ఇచ్చింది" అంది ఇంటికొచ్చి. 

ఆ చోటు హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగా కనిపిస్తుంది. రెండు నలుచదరపు రాతి స్తంభాలు, వెనక మేడమెట్లు, మెట్ల మలుపులో నిలువెత్తు కిటికీ. మెట్లెక్కే దారి స్తంభాలకి అటూ ఇటూ ఉంది. మధ్యలో మాత్రం ఖాళీ. ఆ ఖాళీలో, ఆ భవనంలోంచి తీసిన సామానుతోనే ఏదైనా నిలబెట్టాలని ఆర్కిటెక్టు అమ్మాయి కోరిక. రాతికి మేకు కొట్టకూడదని, రంధ్రం చెయ్యకూడదని ఆమె షరతు.

లైబ్రరీ కమిటీ పెద్దాయన కోరిక వేరు. ఆయన అదే చోటు కోసం సిమెంటు హంసల ఫౌంటెను ఒకటి కొనేశాడు. అది ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని హాల్లో ఒక మూల కూర్చుని ఉంది. "చూడమ్మా, మేం చూడ్డానికి వచ్చే వేళకి మీది నిలబడి ఉంటే మీదే ఉంటుంది. లేకపోతే హంసలే" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

ఇంక వదినకి తిండీ నిద్రా లేవు. పెరడంతా కిటికీ రెక్కలే. ఒక్కో వార్డుకి ఒక్కో రంగట అప్పట్లో. పైపొర గీకితే ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద పసుపు వచ్చేవి. వదిన ఒక రెక్కని నీలం దాకానే గీకి వదిలేసేది, ఇంకోదాన్ని చెక్కదాకా గీకేది. నేను రెండు సందుల అవతలుంటాను కానీ ఆ రోజుల్లో మా ఇంటికి నిద్రపోవడానికే వెళ్లేదాన్ని. అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, "ఈ నీలం పిల్లల వార్డుది. నీకు సూది వేయించిన గది" అని నాకు చూపించేది.

రెక్కల్ని వరసగా పేర్చి, స్తంభం నుంచి స్తంభం దాకా ఒక రంగురంగుల గోడలా నిలబెట్టాలని వదిన ఆలోచన. రెండు చివర్లూ రాతిని ఒరుసుకుని సరిగ్గా కూర్చోవాలి. వెనక మెట్ల కిటికీలోంచి వచ్చే వెలుగు పలకల సందుల్లోంచి హాల్లోకి రావాలి. హాల్లో అప్పుడు నేల పరుస్తున్నారు, ఎవర్నీ రానివ్వడం లేదు. మా అన్నయ్య టైలరు. లైబ్రరీ కర్టెన్లు కుట్టే పని ఆయనకే వచ్చింది కాబట్టి, ఆయన్ని రానిచ్చారు.

"కిటికీల కొలతలకి ఎలాగూ వెళ్తున్నాగా, నీ స్తంభాల మధ్య ఎంతుందో నేనే చూసుకొస్తాలే" అన్నాడు అన్నయ్య. చూసుకొచ్చాడు. ఆ కొలత ప్రకారమే వదిన రెక్కలు ఎంచింది, అంచులు సరిచేసింది.

కమిటీ వచ్చే రోజున పొద్దున్నే రెక్కలన్నీ బండి మీద వేసుకుని వెళ్లాం. వదిన, అన్నయ్య, అమ్మ, నేను, మా వీధి వడ్రంగి బాబాయ్. తలా ఒక రెక్క పట్టుకుని వరసగా నిలబడ్డాం. రెక్కలన్నిటినీ కలిపి ఉంచే పొడుగుపట్టీని బాబాయ్ వెనక నుంచి బిగించాలి. బిగించే ముందు ఒకసారి సరిచూద్దామని చివరి రెక్కని స్తంభం దగ్గరికి జరిపాడు.

పట్టలేదు.

"అటు జరగండి" అన్నాడు. జరిగాం. అటువైపు స్తంభం తగిలింది. "ఇటు జరగండి." ఇటువైపు తగిలింది.

బాబాయ్ టేపు తీసి కొలిచాడు. రెండంగుళాలు ఎక్కువ.

వదిన మెల్లగా అన్నయ్య వైపు తిరిగింది. "ఏవండీ, మీరు తెచ్చిన కొలత ఇక్కడి నుంచి ఇక్కడికేనా?"

"అక్షరాలా ఇక్కడి నుంచి ఇక్కడికే."

"మరి ఈ రెండంగుళాలు ఎక్కడివి?"

 అన్నయ్య తల గోక్కున్నాడు. "కుట్టుకి కలిపాను" అన్నాడు.

"దేనికి?"

"కుట్టుకి. అటొక అంగుళం, ఇటొక అంగుళం. అంతా కలిపే రాస్తాం కదా."

 అమ్మే ముందు తేరుకుంది. "ఒరేయ్, చెక్కకి కుట్టేమిట్రా?"

"అలవాటమ్మా! ముప్ఫై ఏళ్లుగా చేతికి అదే అలవాటు! బిగుతైతే తిడతారు, లూజైతే తగ్గించుకోవచ్చు కదా అని..."

"ఇప్పుడు తగ్గించండి చూద్దాం" అంది వదిన. ఆమె కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "కత్తెర తెచ్చారా?"

బాబాయ్ చివరి రెక్క అంచుని వేలితో తట్టి చూశాడు. "రెండంగుళాలు కోస్తే చట్రమే పోతుందమ్మా. చట్రం పోతే పలకలు రాలిపోతాయి. ఒక రెక్క తీసేద్దామంటే అంత వెడల్పు ఖాళీ మిగులుతుంది."

ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చి, విషయం విని, మూలనున్న ఫౌంటెను వైపు ఒకసారి చూసింది. కాగితం చిరుగులోంచి ఒక హంస తల బయటపెట్టి మమ్మల్నే చూస్తున్నట్టుంది.

"నాకెందుకివ్వాలి మీరు చోటు?" అంది వదిన ఆ అమ్మాయితో, ఎవరి మీదో కోపం ఎవరి మీదో చూపిస్తూ. "నా బొమ్మలు పెరట్లో సంచులు మోసుకుంటూ హాయిగా ఉండేవి."

"తప్పు నాదైతే నన్ననవే. ఆ అమ్మాయినెందుకంటావ్?" అన్నాడు అన్నయ్య.

"మిమ్మల్ని ఇంటికెళ్లాక అంటాను. తీరిగ్గా."

వీళ్లు ఇలా వాదించుకుంటున్నంతసేపూ మేం రెక్కలు పట్టుకునే నిలబడి ఉన్నాం. సరిగ్గా మధ్యలో ఉన్నది అమ్మ. పాపం ఆమె మోకాళ్లు ఎంతసేపని ఆగుతాయి? "నావల్ల కాదర్రా" అంటూ రెక్క మీద వాలిపోయింది. ఆ రెక్క ముందుకి జరిగింది, పక్కది దాన్ని అనుసరించింది. నేను పట్టుకున్నది కూడా నా చేతుల్లో తిరిగింది. గోడ మొత్తం మధ్యకి మడిచినట్టయి, హాల్లోకి ఉబికింది.

"అమ్మా, కదలకు!" అని అరిచాడు అన్నయ్య. షాపులో కొలతలిచ్చేవాళ్లని అదిలించే గొంతు అది. "అలాగే ఉండు. ఊపిరి తియ్యకు. చూశావా, అక్కడ మడత పడింది. రెండు చివర్లూ లోపలికొచ్చేశాయి!"

నిజంగానే చివరి రెక్కలు రెండూ స్తంభాల మధ్యకి దిగాయి.

 వదిన తన రెక్కని ఆర్కిటెక్టు అమ్మాయికి అప్పగించి, పక్కదారి గుండా వెళ్లి మెట్లెక్కింది. అక్కడి నుంచి చూసింది. మళ్లీ దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. మేం వేసిన వరస తిన్నగా ఉన్నప్పుడు వెలుగు అన్ని రెక్కల్లోంచీ ఒకేలా వచ్చింది. ఇప్పుడు ఒక సగం మెట్ల కిటికీకి మొహం తిప్పుకుని రంగులన్నీ ఎగజిమ్ముతోంది. రెండో సగం నీడలో ఉండి, పలకల సందుల్లో మాత్రమే మెరుస్తోంది. నేల మీద గీతలు రెండు దిక్కులకి పోతున్నాయి.

"అత్తయ్యా" అంది చాలా మెల్లగా.

"పడిపోతున్నానమ్మాయ్, తొందరగా చెప్పు."

"మీరు ఇంకో అడుగు ముందుకి రాగలరా?"

"ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తా, ఎవరైనా స్టూలు వేస్తే!"

స్టూలు వేశాం. వదిన నేల మీద సుద్దతో గీత గీసింది, చెరిపింది, ఇంకోటి గీసింది. పొడుగుపట్టీ వద్దంది. కిటికీలకి ఉన్న పాత ఇత్తడి మడతబందుల్నే విప్పి, మధ్యలో రెండు రెక్కల్నీ వాటితో కలిపించింది. ఒక్కో సగాన్నీ విడిగా బిగించమంది. రాయి ఒరుసుకుపోకుండా అన్నయ్య షాపు నుంచి మందపాటి కోటు గుడ్డ ముక్కలు తెచ్చి స్తంభాలకీ చెక్కకీ మధ్య దూర్చాడు. ఆ మధ్యాహ్నమంతా ఆయన ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. ఎండలో చెప్పుల్లేకుండా షాపుకి రెండుసార్లు పరుగెత్తాడు.

చివర్న అందరం చేతులు వదిలేశాం. అది నిలబడింది. తన బరువుతో తనే అటూ ఇటూ చాచుకుని, రెండు స్తంభాల్నీ ఒత్తుకుని, మేకు లేకుండా నిలబడింది.

కమిటీ పెద్దాయన వచ్చాడు. దూరం నుంచి చూశాడు, దగ్గరికొచ్చి చూశాడు. చేత్తో ఒకసారి నెట్టాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా నెట్టాడు.  కదల్లేదు.

"లైబ్రరీ కదా అని సగం తెరిచిన పుస్తకంలా చేశారన్నమాట" అన్నాడు ఆయన తల ఆడిస్తూ. "మంచి ఆలోచనమ్మా. చాలా ముందు నుంచీ ఆలోచించి ఉంటారు."

వదిన నిజం చెప్పబోయింది. ఆర్కిటెక్టు అమ్మాయి ఆమె చెయ్యి గిల్లింది.

"హంసల్ని బయట పెడదాం. వాటికీ గాలి తగులుతుంది" అని పెద్దాయన వెళ్లిపోయాడు.

అమ్మని నేను ఇంటికి తీసుకెళ్లి మోకాళ్లకి నూనె రాశాను. చీకటి పడుతున్నా అన్నయ్యా వదినా రాలేదు. చూడ్డానికి మళ్లీ వెళ్తే, ఇద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వదిన జుట్టునిండా రంగు పొడి.

"ఇక్కడే కాపురం పెడతారా ఏమిటి?" అన్నాను.

"ఉండవే మరదలా. ఎవరైనా వస్తారేమో" అంది వదిన.

లైబ్రరీ ఇంకా తెరవనే లేదు, ఎవరొస్తారు అనబోయాను. ఇంతలో తలుపు తెరిచి ఉండటం చూసి ఒక జంట లోపలికి వచ్చారు. ఆ అబ్బాయి మడత దగ్గర ఆగిపోయాడు. ఆ అమ్మాయి ఒక రెక్క మీద వేలుపెట్టి, పసుపు నుంచి నీలానికి, నీలం నుంచి ఆకుపచ్చకి జరిపింది. ఇద్దరూ అలా చాలాసేపు నిలబడ్డారు. ఏమీ తగిలించలేదు, ఆరెయ్యలేదు. ఊరికే చూశారు.

"ఇది ఎవరు చేశారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి మమ్మల్ని చూసి.

"నేనేనండీ" అంది వదిన.

పక్కన అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. వదిన వినిపించుకోలేదు. ఇంకోసారి, ఈసారి కాస్త గట్టిగా సవరించుకున్నాడు.

"ఈయనకి దుమ్ము పడదు" అంది వదిన వాళ్లతో, ఆయన వీపు మీద నెమ్మదిగా రాస్తూ.